స్కౌట్ ఉన్న ఇంట్లో వారం: తీరిక లేని తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

పిల్లలను స్కౌటింగ్‌లో చేర్చేటప్పుడు వారానికి ఒక సమావేశం, అప్పుడప్పుడు ఒక హైక్, సెలవుల్లో ఒక క్యాంప్, అంతే కదా అనిపిస్తుంది. చేరిన కొద్ది వారాలకే ఆ లెక్క తప్పుతుంది. గంటన్నర సమావేశం కోసం ముందు రోజు యూనిఫాం వెతకాలి, దింపి రావాలి, మళ్లీ తీసుకురావాలి, ఏదైనా నైపుణ్యం నేర్చుకున్నందుకు కొత్తగా వచ్చిన బ్యాడ్జ్ యూనిఫాం మీద కుట్టాలి, అనుమతి పత్రం నింపాలి, ట్రూప్ (బిడ్డ చేరిన స్కౌట్ దళం) గ్రూపులో వరుసగా వచ్చి పడే సందేశాల్లో మనకు పనికొచ్చే ఒక్కదాన్ని పట్టుకోవాలి. ఉద్యోగం, ఇంటి పని, మరో బిడ్డ చదువు, పెద్దవాళ్ల అవసరాలు ఏవీ దీని కోసం ఆగవు. అయితే ఈ భారంలో చాలా భాగం నిజానికి తల్లిదండ్రులది కాదు. పిల్లలు చేయవలసిన పనిని, మనం చేస్తే త్వరగా అయిపోతుందని మన మీద వేసుకున్నందువల్లనే అది పెరుగుతుంది. అందువల్ల ఈ మార్గదర్శి వారాన్ని రోజులవారీగా ఎలా సర్దుకోవాలో చెబుతూ, ప్రతి చోటా ఆ పని ఎవరిదన్న ప్రశ్నకు కూడా జవాబు ఇస్తుంది.

సౌలభ్యం కోసం సమావేశం బుధవారం సాయంత్రం జరుగుతుందని అనుకుందాం. మీ ట్రూప్ మరో రోజున కలిసేటట్లయితే మిగతా రోజులను దానికి తగినట్లు ముందుకో వెనక్కో జరుపుకోండి.

మొదటి మెట్టు: ఎవరి పని ఎవరిదో తేల్చుకోవడం

1907 ఆగస్టులో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో తొలి ప్రయోగాత్మక శిబిరం నడిపినప్పుడు, వచ్చిన ఇరవై మంది బాలురను తోడేళ్లు, ఎద్దులు, కర్లూ పక్షులు, మాలకాకులు అనే నాలుగు ప్యాట్రోల్‌లుగా, అంటే చిన్న జట్లుగా విడదీసి, ప్రతి ప్యాట్రోల్‌కూ వాళ్లలోనే ఒకరిని నాయకుడిగా నిలిపారు. ఈనాటికీ స్కౌటింగ్‌కు ఆయువుపట్టు ఆ ఏర్పాటే. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు తమలో ఒకరి నాయకత్వంలో పనులు పంచుకుంటారు, పొరపాట్లు తామే చేసి తామే దిద్దుకుంటారు, పెద్దలు కాస్త దూరంగా నిలబడి భద్రత చూసుకుంటారు. ట్రూప్‌లో ఇలా నేర్చుకుంటున్న బిడ్డకు ఇంటికి రాగానే తల్లి బ్యాగు సర్ది, తండ్రి బ్యాడ్జ్ కుట్టి, ఇద్దరూ కలిసి ట్రూప్‌ను నడిపే స్కౌట్ మాస్టర్‌కు ఫోన్ చేసి సందేహాలు తీరుస్తుంటే, సమావేశంలో నేర్చుకున్నదంతా గుమ్మం బయటే ఆగిపోతుంది.

కాబట్టి చేరిన మొదటి వారంలోనే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద పనులను మూడు వంతులుగా రాయండి. యూనిఫాం సిద్ధం చేసుకోవడం, బ్యాగు సర్దుకోవడం, ముడులు సాధన చేయడం, చేసిన పనిని లాగ్ పుస్తకంలో రాసుకోవడం, రాలేనప్పుడు ప్యాట్రోల్ లీడర్‌కు చెప్పడం పూర్తిగా బిడ్డ పనులు. వారం ప్రణాళిక వేయడం, క్యాంప్ సామాన్ల జాబితా సరిచూడడం, బ్యాడ్జ్ కుట్టడం నేర్చుకోవడం ఇద్దరూ కలిసి చేసేవి. ఆరోగ్య సమాచారం, అనుమతి పత్రాలు, డబ్బు, ప్రయాణం, భద్రతకు సంబంధించిన ప్రశ్నలు పెద్దలవి మాత్రమే.

వయసును బట్టి ఈ గీతలు జరుగుతాయి. మరీ చిన్న పిల్లల కోసం 1916లో మొదలైన కబ్ విభాగం వయసు వారికి మీరు పక్కనే ఉండి చేయించవలసి వస్తుంది. పది పదకొండేళ్ల స్కౌట్ తానే చేసుకుని మీకు చూపిస్తే చాలు. పద్నాలుగేళ్లు వచ్చాక సంతకం, డబ్బు, భద్రత తప్ప మిగిలిన వాటిలో మీకు పెద్దగా పని ఉండకూడదు. ఆ కాగితాన్ని దాచిపెట్టుకోండి, దాన్ని మళ్లీ తీయవలసి ఉంటుంది.

భద్రత విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. ట్రూప్‌లో పెద్దలు ఎవరెవరు, వారి పూర్వాపరాలు పరిశీలించాకే బాధ్యత అప్పగించారా, ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవారు ఎవరు, ఒక పెద్దవ్యక్తి ఒక పిల్లతో ఏకాంతంగా ఉండే అవకాశం లేకుండా ఏ నియమం పాటిస్తున్నారు, పెద్దలు పిల్లలకు విడిగా సందేశాలు పంపుతారా లేక తల్లిదండ్రులు కూడా ఉన్న చోటనే మాట్లాడతారా అన్నవి చేర్చే రోజునే అడగవలసినవి. చక్కగా నడిచే ట్రూప్‌లో ఈ ప్రశ్నలకు ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నారంటే అది కూడా మీకు అందిన ఒక సమాచారమే.

రెండో మెట్టు: ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు

వారం గాడి తప్పేది ఎక్కువగా బుధవారం వల్ల కాదు, అంతకు ముందు ఆదివారం ఎవరూ కూర్చుని చూడనందువల్ల. రాత్రి భోజనం తరువాత ఇరవై నిమిషాలు ఇంటిల్లిపాదీ ఒక క్యాలెండర్ ముందు కూర్చోవాలి. ఆ క్యాలెండర్ గోడ మీద అందరికీ కనబడేదై ఉంటే మేలు. ఫోన్‌లోని క్యాలెండర్ ఉద్యోగం చేసే పెద్దలకు బాగానే ఉంటుంది గానీ, పదేళ్ల పిల్లకు అది కనబడదు. కనబడని తేదీకి బిడ్డను బాధ్యురాలిని చేయలేము.

ముందుగా కదపడానికి వీల్లేనివి రాయండి. పరీక్షలు, వైద్యుడి అపాయింట్‌మెంట్లు, ఎవరైనా ఊరు వెళ్లే రోజులు, ఉద్యోగంలో ఆలస్యమయ్యే సాయంత్రాలు అటువంటివి. ఆ తరువాత స్కౌటింగ్ తేదీలు, అవి కూడా బిడ్డ చేతితోనే. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెన్ను ఇస్తే వారం మొత్తంలో ఎవరి రంగు నిండిపోయిందో, ఎవరిది అసలు కనబడడం లేదో చూడగానే తెలుస్తుంది. స్కౌట్ అయిన బిడ్డ రంగు నాలుగు చోట్ల, తమ్ముడి రంగు ఒక్కచోటా లేకుండా ఉంటే, సరిచేయవలసిన సంగతి ఆ వారానికి అదే.

సందేశాల గ్రూపు గురించి ఒక మాట. ట్రూప్ వాట్సాప్ గ్రూపును రోజంతా చూస్తూ ఉండవలసిన అవసరం లేదు. దాని మోత ఆపేసి, ఆదివారం ప్రణాళిక వేళ ఒకసారి, మంగళవారం రాత్రి ఒకసారి చూస్తే సరిపోతుంది. తేదీ, చోటు, తెచ్చుకోవలసిన వస్తువు, చెల్లించవలసిన సొమ్ము, సంతకం చేయవలసిన పత్రం అనే ఐదు రకాల సమాచారం తప్ప అందులో మీరు దాచుకోవలసినది సాధారణంగా ఉండదు. అవి కనబడిన వెంటనే క్యాలెండర్ మీదికి ఎక్కించండి. పత్రాలను వచ్చిన రోజే నింపి తిరిగి పంపడం అలవాటు చేసుకుంటే, గుమ్మం దగ్గర నిలబడి పెన్ను వెతుక్కునే పరిస్థితి ఉండదు.

మూడో మెట్టు: మంగళవారం రాత్రి బ్యాగు

యూనిఫాం, స్కార్ఫ్, వాగుల్ (స్కార్ఫ్‌ను మెడ దగ్గర పట్టి ఉంచే ఉంగరం లాంటిది), బెల్టు, టోపీ, లాగ్ పుస్తకం, పెన్ను, సాధన తాడు, నీళ్ల సీసా. వీటన్నిటికీ ఇంట్లో ఒకే స్థలం ఉండాలి. తలుపు వెనుక ఒక కొక్కెం, దాని కింద ఒక పెట్టె చాలు. సమావేశం నుంచి వచ్చాక ఉతకవలసినవి ఉతుకుడు బుట్టలోకి, మిగిలినవి ఆ పెట్టెలోకి వెళ్తే, తరువాతి మంగళవారం వెతుకులాట ఉండదు. వాగుల్ మాత్రం ఏ పెట్టెలోనూ నిలవదు, దానికి కాళ్లుంటాయేమో అని చాలామంది తల్లిదండ్రులకు అనుమానం. విప్పిన వెంటనే దాన్ని స్కార్ఫ్‌కే తగిలించి ముడి వేసి ఉంచమని చెప్పడం ఒక్కటే ఉపాయం.

పెట్టె మూతకు లోపలివైపు వస్తువుల జాబితా అతికించండి. చదవడం రాని పిల్లలకు బొమ్మలు గీసిన జాబితా పనికొస్తుంది. బిడ్డ జాబితా చూసుకుంటూ తానే సర్దుకోవాలి, మీరు చివర్లో ఒకసారి ‘అన్నీ ఉన్నాయా’ అని అడిగి ఊరుకోవాలి. ఏదైనా మరచిపోతే ఎలా అని అడిగేవారు ఉంటారు. స్కార్ఫ్ మరచిపోయిన పిల్ల ఒక గంటన్నర పాటు కాస్త సిగ్గుపడుతుంది, తరువాతి వారం మరచిపోదు. ఆఫీసు నుంచి మీరు పరుగెత్తుకుంటూ వచ్చి స్కార్ఫ్ అందిస్తే ఈ వారం గడిచిపోతుంది గానీ వచ్చే వారం మళ్లీ పరుగెత్తవలసి వస్తుంది. మందులు, కళ్లజోడు, ఇన్‌హేలర్ వంటివి ఈ సూత్రానికి మినహాయింపు. వాటిని మీరే స్వయంగా సరిచూడాలి.

నాలుగో మెట్టు: సమావేశం రోజు

బుధవారం సాయంత్రం చేసే వంటను ముందుగా తేల్చుకోండి. ముందు రోజు మిగిలినదైనా, పొద్దునే సగం చేసి పెట్టుకున్నదైనా సరే. ఆ రోజు కొత్త వంటకం ప్రయత్నించకండి. సమావేశానికి ముందు బిడ్డ తేలికగా తిని వెళ్లి, వచ్చాక భోజనం చేయడం చాలా ఇళ్లలో కుదురుతుంది.

దింపడం, తీసుకురావడం విషయంలో అదే ప్యాట్రోల్‌లోని ఇద్దరు ముగ్గురు పిల్లల ఇళ్లవారితో వంతులు వేసుకుంటే వారానికి రెండు ప్రయాణాలు చేసేవారికి మూడు వారాలకు ఒకసారి మాత్రమే వంతు వస్తుంది. ఇందుకు నియమాలు ముందే మాట్లాడుకోవాలి. ఎవరు నడుపుతారో అందరికీ తెలియాలి, సీటు బెల్టులు లేదా హెల్మెట్లు ఉన్నన్ని మందినే ఎక్కించుకోవాలి, ఆలస్యమైతే ఎవరికి కబురు చేయాలో నిర్ణయించుకోవాలి, తీసుకువెళ్లేది వేరే వారైనప్పుడు ఆ సంగతి స్కౌట్ మాస్టర్‌కు ముందుగా తెలియాలి.

మీ వంతు లేని వారంలో చేతికి వచ్చే ఆ గంటన్నరను ఇంటి పనులతో నింపేయకండి. ఇంట్లో ఉన్న మరో బిడ్డకు ఆ వేళ పూర్తిగా ఇవ్వండి. అక్క సమావేశానికి వెళ్లే రోజు అమ్మ తనతో ఆడుకునే రోజు అని తమ్ముడికి తెలిస్తే, స్కౌటింగ్ పట్ల అసూయ చాలా వరకు తగ్గుతుంది.

తిరిగి వచ్చిన బిడ్డను ‘ఎలా జరిగింది’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబు తప్ప మరొకటి రాదు. ‘ఇవాళ మీ ప్యాట్రోల్‌లో ఎవరికి సాయం కావలసి వచ్చింది’, ‘ఏ ముడి జారిపోయింది’ వంటి ప్రశ్నలకు అసలు కబుర్లు బయటికి వస్తాయి.

ఐదో మెట్టు: గురువారం, మధ్యలో దొరికే చిన్న వేళలు

సమావేశం మరునాడే లాగ్ పుస్తకంలో ఐదారు వాక్యాలు రాసుకోవాలి. వారాంతానికి వాయిదా వేస్తే తేదీలు, చేసిన పనుల వివరాలు మరుగున పడతాయి. బ్యాడ్జ్ కోసం పరీక్షించేటప్పుడు అవే అడుగుతారు.

ముడుల సాధనకు ప్రత్యేకంగా సమయం కేటాయించడం అనవసరం. రెండు మీటర్ల పొడవు, చిటికెన వేలంత మందం ఉన్న తాడు ముక్కలు రెండు, వేరే వేరే రంగుల్లో, కూర్చునే గదిలో పడి ఉంటే చాలు. అన్నం ఉడికేలోపు ఒక ముడి వేయవచ్చు. అయితే ముడి వేయడంతో పాటు అది దేనికన్నది కూడా రావాలి. ఒకే మందం ఉన్న రెండు కొసలను కలిపి, కట్టు కట్టడానికో పొట్లం బిగించడానికో రీఫ్ నాట్ సరిపోతుంది గానీ, బరువు మోసే తాళ్లను కలపడానికి దాన్ని నమ్మరాదు. మందం వేరైన తాళ్లకు షీట్ బెండ్. గుంజకు తాడు కట్టడం మొదలుపెట్టేది క్లోవ్ హిచ్‌తో. బిగుసుకుపోకుండా, జారకుండా నిలిచే ఉచ్చు కావాలంటే బోలైన్. బిడ్డ ఈ తేడాలను తమ్ముడికో తాతకో వివరించి చెప్పగలిగితే ఆ ముడి వచ్చినట్లే. మీకు రాకపోతే మరీ మంచిది, మీకు నేర్పే బాధ్యత బిడ్డ మీద పడుతుంది.

బ్యాడ్జ్ కుట్టడం పది పన్నెండేళ్ల పిల్లలు చక్కగా నేర్చుకోగలిగిన పని. యూనిఫాం మీద ప్రతి బ్యాడ్జ్‌కూ నిర్ణీత స్థానం ఉంటుంది కాబట్టి ముందు ట్రూప్ ఇచ్చిన పటం చూసి, గుండుసూదులతో నిలిపి, చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాకే కుట్టాలి. బ్యాడ్జ్ అంచు రంగు దారం తీసుకుని, అంచు వెంబడి చిన్న చిన్న హెమ్మింగ్ కుట్లు వేస్తే కుట్టు కనబడదు. చొక్కా చేయికి బ్యాడ్జ్ కుట్టేటప్పుడు లోపల ఒక అట్ట ముక్క పెడితే అవతలి బట్ట కూడా కలిసి కుట్టుకుపోదు. మొదటి రెండు మూడు బ్యాడ్జ్‌లు కొంచెం వంకరగా ఉంటే ఉండనివ్వండి.

బ్యాడ్జ్‌ల సంఖ్య విషయంలో నాది ఒక కచ్చితమైన అభిప్రాయం. ఒక వేళలో ఒకే బ్యాడ్జ్ మీద పని చేయించాలి. తోటి పిల్లల చేతి మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒకేసారి మూడింటికి పేరు ఇచ్చిన ఇంట్లో వారం మొత్తం హోంవర్క్‌గా మారిపోతుంది, ఆ హోంవర్క్ చివరకు తల్లిదండ్రులే చేస్తారు.

ఆరో మెట్టు: శనివారం హైక్

హైక్ ఉన్న వారాంతంలో తల్లిదండ్రులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ‘ఎన్నింటికి వస్తారు’ అన్న ప్రశ్న. దీనికి ఒక పాత లెక్క ఉంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం చదునైన దారిలో గంటకు దాదాపు 5 కిలోమీటర్లు నడుస్తారు, ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మరో గంట కలుపుకోవాలి. 10 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు ఉంటే రెండున్నర గంటలు. అయితే ఇది ఆగకుండా నడిచే, ఒంట్లో సత్తువ ఉన్న పెద్దల లెక్క. బ్యాగులు మోసే పిల్లల గుంపుకు దానికి సగం కలిపి, ఆగే విరామాలు కూడా వేసుకుంటే నాలుగు గంటలకు పైనే పడుతుంది. ఆ సాయంత్రానికి మరో కార్యక్రమం పెట్టుకునే ముందు ఈ లెక్క వేసి చూడండి. ఇంకా మేలైనది, బిడ్డ చేత మ్యాప్ మీద ఈ లెక్క వేయించండి.

కొత్త బూట్లు హైక్ రోజున తొలిసారిగా తొడగకూడదు. కనీసం రెండు వారాల ముందు నుంచి ఇంట్లోనూ బడికి వెళ్లేటప్పుడూ తొడిగించాలి. కాలికి పొక్కులు రావడానికి తడి, రాపిడి రెండూ కారణాలు కాబట్టి అదనంగా ఒక జత పొడి సాక్సులు బ్యాగులో ఉండాలి, మంట మొదలైన చోటును పొక్కు లేవకముందే ప్లాస్టర్‌తో కప్పుకోవాలని బిడ్డకు తెలిసి ఉండాలి. బ్యాగు బరువు బిడ్డ శరీర బరువులో 10 నుంచి 20 శాతం మించకుండా చూడండి. ఇంట్లో బరువు చూసే యంత్రం మీద బ్యాగు వేసుకుని ఒకసారి, వేసుకోకుండా ఒకసారి నిలబెడితే తేడా తెలిసిపోతుంది.

గడ్డి, పొదల గుండా నడిచి వస్తే స్నానం వేళ మోకాళ్ల వెనుక, చంకల్లో, చెవుల వెనుక, జుట్టులో పిడుదులు పట్టాయేమో చూడాలి. పట్టి ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని నిటారుగా, నెమ్మదిగా లాగాలి. కాల్చడం, నూనె పోయడం వంటివి చేయరాదు. ఆ తరువాతి రోజుల్లో జ్వరం వచ్చినా, దద్దురు కనబడినా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి పిడుదు కుట్టిన సంగతి చెప్పాలి.

ఏడో మెట్టు: క్యాంప్ ఉన్న వారం

క్యాంప్ ఉన్న వారంలో మిగతావన్నీ తగ్గించుకోవాలి. ఆ వారం ఇంటికి బంధువులను పిలవడం, పెద్ద శుభ్రతలు పెట్టుకోవడం మానండి. పని క్యాంప్‌కు పది రోజుల ముందు మొదలుకావాలి.

మొదటగా ఆరోగ్య పత్రం. అలర్జీలు, ఉబ్బసం, నిద్రలో నడవడం, పక్క తడపడం, ఇటీవలి గాయాలు, దేన్నీ దాచకూడదు. పక్క తడిపే సంగతి రాయడానికి సిగ్గుపడేవారు చాలామంది. ముందే తెలిస్తే స్కౌట్ మాస్టర్ ఎవరికీ తెలియకుండా సర్దగలరు, తెలియకపోతే టెంట్‌లో అందరి ముందూ బయటపడుతుంది. మందులను దుకాణం నుంచి వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచి, బిడ్డ పేరు, ఎంత మోతాదు, ఏ వేళ అన్నది రాసి, బాధ్యులైన పెద్దల చేతికే ఇవ్వాలి. ఉబ్బసం ఇన్‌హేలర్ వంటి అత్యవసర మందు ఎవరి దగ్గర ఉండాలో వారితో మాట్లాడి తేల్చుకోవాలి.

తరువాత సామాన్లు. నేల మీద వస్తువులన్నీ పరిచి, జాబితాతో పోల్చి, ఆ తరువాతే బ్యాగులో పెట్టడం మంచి పద్ధతి. సర్దవలసినది బిడ్డే. మీరు సర్దిన బ్యాగులో టార్చి ఏ మూలన ఉందో చీకట్లో బిడ్డకు తెలియదు. ఒక్కో రోజు బట్టలను ఒక్కో సంచిలో పెట్టి, సంచి మీద రోజు పేరు రాస్తే పిల్లలు ఉన్న ఒక్క చొక్కాతోనే మూడు రోజులు గడిపేయడం కొంత తగ్గుతుంది. పూర్తిగా తగ్గుతుందని ఆశించకండి. నూలు బట్ట తడిస్తే నీటిని పట్టి ఉంచి ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి చలి ప్రదేశాల్లో ఉన్ని లేదా త్వరగా ఆరే సింథటిక్ బట్టలు పొరలు పొరలుగా వేసుకోవాలి. రాత్రి చలి పైనుంచి కన్నా నేల నుంచి ఎక్కువగా ఎక్కుతుంది. అందువల్ల స్లీపింగ్ బ్యాగ్ ఎంత మంచిదైనా కింద చాప లేదా ఫోమ్ మ్యాట్ ఉండి తీరాలి, పగలంతా చెమటపట్టిన బట్టలు మార్చుకుని పడుకోవాలి. ప్రతి వస్తువు మీదా పేరు రాయండి. స్కౌట్ వస్తువులన్నీ ఒకేలా ఉంటాయి.

బయలుదేరే ముందు ఇంట్లో ఒక రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకోబెట్టండి. దాన్ని విప్పడం, మళ్లీ చుట్టి సంచిలో కుక్కడం అలవాటు కావాలి. ఈ చిన్న పని రాక, తెల్లవారి టెంట్ దింపేవేళ కన్నీళ్లు పెట్టుకునే పిల్లలు ప్రతి క్యాంప్‌లోనూ ఉంటారు.

ఇంటి మీద బెంగ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు మంచి మనసుతో చెప్పే మాటే ఇక్కడ చేటు చేస్తుంది. ‘నీకు నచ్చకపోతే ఫోన్ చెయ్యి, వెంటనే వచ్చి తీసుకొస్తాను’ అన్న హామీ ఇవ్వకండి. ఆ మాటలో ‘నువ్వు ఉండలేవని నాకు తెలుసు’ అన్న అర్థం బిడ్డకు వినబడుతుంది, బెంగ రాగానే మనసు ఆ ఫోన్ చుట్టే తిరుగుతుంది. బెంగ రావడం మామూలేనని, రాత్రివేళ, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుందని, పొద్దున పనిలో పడితే తగ్గుతుందని, వచ్చినప్పుడు ప్యాట్రోల్ లీడర్‌కో స్కౌట్ మాస్టర్‌కో చెప్పాలని ముందే చెప్పండి. తొలి క్యాంప్‌కు ముందు అమ్మమ్మ ఇంట్లోనో స్నేహితురాలి ఇంట్లోనో మీరు లేకుండా ఒకటి రెండు రాత్రులు గడిపి ఉంటే మేలు. బ్యాగు అడుగున మీరు రాసిన చిన్న ఉత్తరం పెట్టవచ్చు. అందులో ‘నువ్వు లేక ఇల్లు బోసిపోయింది’ అని కాకుండా, వచ్చాక నీ కబుర్లు వినాలని ఉంది అన్న ధోరణి ఉండాలి. స్కౌట్ మాస్టర్ ఫోన్ చేసి బిడ్డను తీసుకెళ్లడమే మంచిదని చెప్పినప్పుడు మాత్రం మారు మాట లేకుండా వెళ్లండి, దారిలో దాన్ని ఓటమిగా మాట్లాడకండి.

క్యాంప్ నుంచి వచ్చిన ఆదివారం సాయంత్రం వరుస ఇలా ఉండాలి: తడి వస్తువులు, స్నానం, భోజనం, నిద్ర. కబుర్లు భోజనం దగ్గర చెప్పుకోవచ్చు. టెంట్, గ్రౌండ్‌షీట్, స్లీపింగ్ బ్యాగ్ తడిగా మడిచి పెడితే రెండు రోజుల్లో బూజు వాసన మొదలవుతుంది, అది పట్టిన టెంట్ బాగుపడడం కష్టం. ఇంట్లో చోటు లేకపోతే తలుపుల మీద, కుర్చీల మీద పరిచి ఫ్యాను వేయండి. ఆ ఒక్క రాత్రి ఇల్లు సంతలా ఉన్నా పరవాలేదు. నిద్ర విషయానికి వస్తే 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. క్యాంప్‌లో అంత నిద్ర దొరకదు. కాబట్టి సోమవారం పరీక్ష ఉన్న వారాంతంలో క్యాంప్‌కు ఒప్పుకునే ముందు ఆలోచించండి, మంగళవారం దాకా బిడ్డ చిరాకు పడుతుంటే దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూడకండి.

ఎనిమిదో మెట్టు: సాయం చేయమని అడిగినప్పుడు

స్కౌటింగ్ చాలా చోట్ల స్వచ్ఛందంగా పనిచేసే పెద్దల మీదనే నడుస్తుంది. అందువల్ల మీ బిడ్డ చేరిన కొద్ది రోజులకే ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు. కాదనడం మర్యాద కాదు, అన్నిటికీ తలూపడం తెలివి కాదు. మొదటి సంవత్సరం స్కౌట్ మాస్టర్ వంటి ప్రతి వారం పని ఉండే బాధ్యత తీసుకోకుండా, హద్దు స్పష్టంగా ఉన్న పని ఒకటి ఎంచుకోవాలని నా సలహా. ఏడాదికి రెండు హైక్‌లకు వెంట వెళ్లడం, సామాన్ల గది లెక్క చూడడం, జమాఖర్చులు రాయడం, మీ వృత్తికి సంబంధించిన ఒక బ్యాడ్జ్‌కు పరీక్షకుడిగా ఉండడం అటువంటివి. ఒప్పుకునే ముందు ఇంట్లోవారిని అడగండి, ఎందుకంటే మీరు ఇచ్చే ఆ సాయంత్రం వారిది కూడా. సొంత బిడ్డ ఉన్న ప్యాట్రోల్‌కు మీరు బాధ్యులైతే బిడ్డకు ఊపిరాడదు. వీలైతే మరో విభాగం కోరుకోండి.

తొమ్మిదో మెట్టు: చదువుతోనూ ఇంటితోనూ తగాదా వచ్చినప్పుడు

పరీక్షల నెలలో స్కౌటింగ్ పూర్తిగా మాన్పించడం చాలా ఇళ్లలో జరిగే పని. సమావేశానికి వెళ్లనిచ్చి, హైక్, అదనపు బ్యాడ్జ్ పనులు ఆపితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. వారానికి గంటన్నర ఆరుబయట స్నేహితులతో గడిపిన బిడ్డ చదువుకు చెడిపోదు. శిక్షగా సమావేశం మాన్పించడం మాత్రం తగదు, అందువల్ల నష్టపోయేది బిడ్డ ఒక్కరే కాదు, పనులు పంచుకున్న ప్యాట్రోల్ మొత్తం. రాలేని వారం ఉంటే ఆ సంగతి ముందు రోజే ప్యాట్రోల్ లీడర్‌కు బిడ్డే చెప్పాలి, మీరు కాదు.

నెలలో ఒక వారాంతం ఏ యూనిఫాం లేకుండా ఖాళీగా ఉంచుకోండి. ఆ తేదీని ఏడాది ప్రణాళిక రాగానే క్యాలెండర్ మీద మీ రంగుతో రాసేయండి, తరువాత వచ్చే ఆహ్వానాలు దాన్ని తప్పించుకుని వెళ్లాలి. ఒంటరిగా పిల్లలను పెంచుతున్నవారు ఈ వారాంతాన్ని ఇంకా గట్టిగా కాపాడుకోవాలి. ప్రయాణపు వంతుల విషయంలో కూడా వారు తమ పరిస్థితి దాచకుండా చెబితే, తీసుకెళ్లడం ఒకరు, మరో పని ఇంకొకరు అని సర్దుబాటు చేసుకోవడానికి తోటి తల్లిదండ్రులు సాధారణంగా ముందుకు వస్తారు.

ఇక మూడు నెలలకు ఒకసారి, మొదటి వారంలో రాసిన ఆ కాగితం తీయండి. మీ వంతులో ఉన్న పనుల్లో ఈసారి తాను తీసుకోగలిగిన ఒకదాన్ని బిడ్డనే ఎంచుకోమనండి. అది బుధవారం తేలికపాటి తిండి తానే చేసుకోవడం కావచ్చు, హైక్ నుంచి రాగానే బూట్లు కడగడం కావచ్చు. ఎంచుకున్నదాన్ని కాగితం మీద ఆ వంతు నుంచి కొట్టేసి, తన చేతి రాతతో తన వంతులో రాసుకోనివ్వండి. ఆ పని మొదటి రెండు వారాలు సరిగా జరగకపోయినా తిరిగి మీ చేతిలోకి తీసుకోకండి.